సందేహాలు – సమాధానాలు: ‘అందందే’ అంటే దొరకని పద్యం

సందేహం: పోతన గారి ‘ఇందుగలడందు లేడని’ పద్యం అర్థంతో కావాలని గూగుల్లో వెతికాను. కలిపి కొడితే కొన్ని పేజీలు, విడగొట్టి అరసున్నలు (ఁ) పెడితే వేరే పేజీలు వస్తున్నాయి. ‘అందందే కలడు’ అని కోట్స్‌లో పెడితే పద్యం ఉన్న పేజీలే సరిగ్గా రాలేదు. ఏది సరైన రూపం? అసలు వెదకడమా, వెతకడమా?

సమాధానం: తప్పు మీది కాదండి. వెతికే యంత్రం మనలాగా సంధి విడదీసుకుని చదవదు, కోట్స్ పెట్టారంటే మరీను, ఆ అక్షరాలే ఆ వరుసలోనే ఉండాలంటుంది.

హిరణ్యకశిపుడు గద్దిస్తే ప్రహ్లాదుడు చెప్పే కందం (నాలుగు పాదాల పద్యం) ఇది, పోతన భాగవతం సప్తమ స్కంధంలోది. అరసున్నలు వదలని ముద్రణల్లో మొదటి పాదం ‘ఇందుఁ గలఁ డందు లేఁ డని’ అని ఉంటుంది. మూడు అరసున్నలూ ఒక్క జాతివి కావు. మొదటిది ‘ఇందున్’లోని ద్రుతం, అంటే చివరి నకారం, దాని తర్వాతి క కాస్తా సరళాదేశం అనే సంధితో గ అయ్యాక మిగిలింది. తక్కిన రెండూ కలఁడు, లేఁడు అనే మాటలకి పుట్టుకతో వచ్చినవి. ఇప్పుడు అరసున్న పీకేసి గ మాత్రం ఉంచుతున్నారు, మరి ఆ గ ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి ఎలా తెలుస్తుందండీ? యూనికోడ్‌లో అరసున్నకి సొంత స్థానం ఉంది కాబట్టి కలఁడు, కలడు అన్నవి యంత్రానికి రెండు వేరే మాటలు. కొన్ని సైట్లు సర్దుకుని రెండూ చూపిస్తాయి, కొన్ని చూపించవు.

మీ ‘అందందే’ సంగతి ఇంకా బావుంటుంది. ‘చూచినన్ + అందందే’ కలిసి నకారం కింది పాదంలోకి దిగింది, అందుకే నాలుగో పాదం ‘నందందే కలఁడు దానవాగ్రణి వింటే’. పేజీలో ‘నందందే’ ఉంటే కోట్స్‌లో ‘అందందే’ అంటే ఎలా దొరుకుతుంది? కానీ పోతన యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదిరే అక్షరం) ఎక్కడ వేశాడో చూడండి, దానవ + అగ్రణి, ఆ అగ్రణిలోని అకారానికి జత మీరు అడిగిన ‘అందందే’లోని అకారమే! పైకి న కనిపిస్తున్నా యతికి లోపలున్న అచ్చు తెలుసు. ఎంత ముచ్చటైన పనితనమండీ అది, ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మూడో పాదం కూడా అంతే, ‘ఎందెందు’ అంటే దొరక్కపోవచ్చు, ‘సర్వోపగతుండు + ఎందెందు’ కలిసి పాదం ‘డెందెందు’ అని మొదలవుతుంది, ‘సర్వోపగతుం’ పై పాదంలో ఉండిపోయింది.

కాబట్టి సంధీ అరసున్నా తగలని ముక్క పట్టుకోండి, ‘సందేహము వలదు చక్రి’ అని కొట్టండి. అర్థం కావాలంటే పక్కన తాత్పర్యం అనో ప్రతిపదార్థం అనో చేర్చండి, ‘ఈ పద్యానికి మీనింగ్ ఏంటి’ అని రాస్తే పద్యాల పుస్తకాల్లో లేని మాటలు అడిగినట్టే, మన మాటలుండగా అదేం అలవాటో.

సరైన రూపం అంటారా, అచ్చులో అయితే అరసున్నతోనే వేయాలంటాను, వెతకడానికి మాత్రం రెండు రకాలుగానూ కొట్టి చూడటం మంచిది. వెదకు, వెతుకు రెండూ వాడుకలో ఉన్నవే, దేన్నీ తప్పనలేను. ఈ పద్యంలో మాత్రం ‘వెదకి చూచిన’, కోట్స్‌లో ‘వెతికి’ అని పెట్టకండి.