హెవీ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం వాయించడం నిజంగా కష్టమా, లేక ఉత్త శబ్దమేనా?

కష్టమే. కాకపోతే ఆ కష్టం చాలామంది అనుకునే చోట ఉండదు. మెరుపు వేగంతో సాగే గిటార్ సోలో అందరికీ కనిపిస్తుంది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది రిథమ్ గిటార్, అంటే సోలో వెనక పాటను నడిపించే గిటార్. అమెరికన్ బ్యాండ్ మెటాలికా 1986లో తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాటనే తీసుకోండి. వేగం నిమిషానికి 210 బీట్లకు పైమాటే. ఆ బ్యాండ్ గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ అందులోని రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కను) దాదాపు పూర్తిగా పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్లతో, కిందికి కొట్టే దెబ్బలతోనే వాయిస్తాడు, అంటే సెకనుకు సుమారు ఏడు. పైకీ కిందికీ కొడితే చెయ్యి అంతగా అలసిపోదు, కానీ ఆ పదును రాదు. మీరే ప్రయత్నించి చూడండి, నిమిషంలో మణికట్టు పట్టేస్తుంది.

ఇక లయ సంగతి. స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా పాటల్లో డ్రమ్మర్ చేతులు మామూలు నాలుగు బీట్ల లెక్కను నిలబెడుతుంటే, కాళ్లు గిటార్‌తో కలిసి వేరే పొడవున్న లెక్కలో నడుస్తాయి. ఉదాహరణకు ఏడు, నాలుగు లెక్కలు ఒకేసారి మొదలైతే మళ్లీ 28 బీట్ల తర్వాతే కలుస్తాయి. ఈలోగా ఒక్క దెబ్బ తప్పినా అంతా చెదిరిపోతుంది.

డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్, తప్పుల్ని దాచేస్తుందని కొందరంటారు. నిజానికి అది చిన్న శబ్దాల్నీ పెద్దవి చేస్తుంది. అందుకే మోగకూడని తీగల్ని రెండు చేతులతోనూ అణచి ఉంచాలి.

అలాగని మెటల్ అంతా సంక్లిష్టం కాదు. మెటల్‌కు ఆద్యులనదగ్గ బ్రిటిష్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తొలి రిఫ్‌లు చాలా సరళం, అయినా ఆ శబ్దంలో బరువు తగ్గలేదు.