లండన్ నుంచి పిల్లలతో, పెద్దవాళ్ళతో ఒక్కరోజులో వెళ్ళిరాగల కొండ, అడవి, హీత్ నడక ఏది?

హైదరాబాద్ నుంచి లండన్ వచ్చి ఆరు నెలలే అయిందని, ఐదేళ్ళ, తొమ్మిదేళ్ళ పిల్లలతోనూ వేసవికి రాబోతున్న అత్తగారితోనూ కలిసి ఒక పూట నడవడానికి మంచి చోటు చెప్పమని అడిగారు. కొండ, అడవి, హీత్ (పొదలు పరుచుకున్న ఇసుక నేల) మూడూ ఒకేచోట ఉండాలన్నారు. నేను లండన్‌కు దక్షిణాన పదకొండేళ్ళుగా ఉంటున్నాను. చాలా చోట్లు తిరిగాం కానీ, మీకు చెప్పేది మాత్రం ఒక్కటే: సర్రే కౌంటీలో హైండ్‌హెడ్ ఊరి పక్కనున్న డెవిల్స్ పంచ్ బౌల్. కాకపోతే అక్కడ ఎటు తిరగాలో తెలుసుకుని వెళ్ళండి. తెలియకుండా వెళ్ళి మేము ఒకసారి బాగా అనుభవించాం.

మన ఊళ్ళలో కొండకు వెళ్తే ఓపిక ఉండగా ఎక్కుతాం, పైన దర్శనం చేసుకుంటాం, తేలిగ్గా దిగి వస్తాం. ఇక్కడ అంతా తలకిందులు. కారు ఆగేదే కొండ మీద. నాలుగడుగులు వేయగానే ఎదురుగా పెద్ద గిన్నెలాంటి లోయ. దారి ఆ గిన్నెలోకి హాయిగా దిగుతూ పోతుంది, పిల్లలు పరుగులు తీస్తారు. ఎక్కవలసింది చివర్లో, అందరూ అలిసిపోయాక.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే చేశాం. అడుగున వాగు, ఓక్ చెట్లు, నీడ, చల్లదనం... అమ్మ అక్కడే కూర్చుని పులిహోర తింటూ ఎంతో సంతోషించింది. తిరిగి ఎక్కేటప్పుడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. నాలుగేళ్ళ మా చిన్నవాడు మా ఆయన భుజం మీద నిద్రపోయాడు. దిగడానికి పట్టిన సమయానికి మూడింతలు పట్టింది పైకి రావడానికి. ఆ సాయంత్రం అమ్మ నాతో పెద్దగా మాట్లాడలేదు.

అందుకని మీరు గిన్నెలోకి దిగకండి, అంచు పట్టుకుని నడవండి. ఇందుకు ఒక మంచి దారి ఉంది, దానికి చిన్న చరిత్ర కూడా ఉంది. లండన్ నుంచి పోర్ట్స్‌మత్ వెళ్ళే ఏ3 రహదారి ఒకప్పుడు సరిగ్గా ఈ అంచు మీదుగానే పోయేది. హైండ్‌హెడ్ కూడలిలో వాహనాలు బారులు తీరేవట. 2011 జూలైలో కొండ కింద 1.8 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తెరిచి, రహదారిని అందులోకి మళ్ళించారు. పైనున్న పాత రోడ్డును తవ్వి తీసేసి, నేలను మళ్ళీ హీత్‌కే వదిలేశారు. ఒకప్పుడు లారీలు తిరిగిన చోట ఇప్పుడు పిట్టల కూతలు వినిపిస్తాయి. రోడ్డు కోసం చదును చేసిన నేల కదా, ఎత్తుపల్లాలు తక్కువ. అత్తగారికి ఇంతకంటే అనువైన దారి ఆ చుట్టుపక్కల లేదు.

దానికి కాస్త పైన, అంతకంటే పాతదైన గుర్రపుబండ్ల దారి చెట్ల మధ్యగా గిబెట్ హిల్ అనే శిఖరానికి పోతుంది. ఎత్తు 272 మీటర్లు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ, మీరు బయలుదేరేదే ఎత్తు మీద నుంచి కాబట్టి ఎక్కినట్టే ఉండదు. కారు నిలిపే చోటు నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉంటే లండన్ ఎత్తైన భవనాలు కూడా కనిపిస్తాయి. పైన ఒక రాతి శిలువ ఉంటుంది, తొమ్మిదేళ్ళ పిల్ల ఊరుకోదు, దాని కథ అడుగుతుంది. 1786లో పోర్ట్స్‌మత్‌లోని తన ఓడకు నడిచి వెళ్తున్న ఒక నావికుడు దారిలో కలిసిన ముగ్గురికి తన డబ్బుతో తాగించాడు. ఆ ముగ్గురే అతన్ని ఇక్కడ చంపారు. మరుసటి ఏడాది వాళ్ళను ఈ శిఖరం మీదే ఉరితీశారు. జనం ఈ చోటుకు రావడానికి భయపడుతుంటే 1851లో శిలువ నిలిపారు. చనిపోయిన నావికుడి పేరు ఈనాటికీ కచ్చితంగా తెలియదు. ఐదేళ్ళ వాడికి మాత్రం ఈ కథ వద్దు, దెయ్యం పిడికెడు మట్టి తవ్వి విసిరితే ఈ గిన్నె ఏర్పడిందన్న కథ చాలు. నిజానికి తవ్వింది నీళ్ళే. పైనున్న ఇసుకరాతిలోకి ఇంకిన వాన, కిందనున్న బంకమట్టి దగ్గర ఆగిపోయి ఊటలుగా బయటపడుతూ, ఇసుకను కొద్దికొద్దిగా కోసుకుపోయింది. అడుగున ఎప్పుడూ బురదగా ఉండేది కూడా అందుకే. అంచు మీద ఇసుక నేల, వాన వెలిసిన కాసేపటికే ఆరిపోతుంది.

ఇక హీత్. మన బీడు భూమిలా కనిపిస్తుంది గానీ బీడు కాదు. సారం లేని ఇసుక నేల మీద మోకాలెత్తు హెదర్ పొదలు, మధ్యమధ్య ముళ్ళ గోర్స్ పొదలు, అక్కడొకటి ఇక్కడొకటి బర్చ్ చెట్టు. ఆగస్టులో హెదర్ పూస్తే కొండంతా వంకాయ రంగు. గోర్స్ పసుపు పూలు ఏప్రిల్, మే నెలల్లో విరగబూస్తాయి, ఎండ తగిలితే కొబ్బరి వాసన వేస్తాయి. అమ్మ రెండోసారి వచ్చినప్పుడు ఆ వాసన పీల్చి, "ఇక్కడ ఎవరు కొబ్బరి లౌజు చేస్తున్నారు?" అని చుట్టూ చూసింది. తమాషా ఏమిటంటే ఈ హీత్ తనంతట తాను నిలిచేది కాదు. శతాబ్దాల పాటు చుట్టుపక్కల రైతులు పశువులను మేపి, వంటచెరకు కొట్టుకోవడం వల్లే చెట్లు కమ్మేయకుండా మిగిలింది. ఇప్పుడు ఆ పని కోసమే, ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళు పొడవాటి జూలు, పెద్ద కొమ్ములున్న స్కాట్లండ్ ఆవులను ఇక్కడ మేపుతుంటారు. అమ్మ దండం పెట్టి నుదురు తాకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మీ అత్తగారికి కూడా ముందే చెప్పి ఉంచండి: దూరం నుంచే దండం, దూడ ఉంటే ఇంకా దూరం నుంచి.

కుక్కల సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా భయపడేది వాటికే. ఇక్కడ చాలామంది వాటిని వదిలేసి నడుస్తారు. మార్చి 1 నుంచి జూలై 31 వరకు మాత్రం ఇలాంటి బహిరంగ భూముల్లో కుక్కకు పొట్టి తాడు ఉండాలని చట్టం. నైట్‌జార్ లాంటి పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి, అందుకు. భయం ఎక్కువైతే ఆ నెలల్లో వెళ్ళండి. పిల్లలను కూడా దారి వదిలి పొదల్లోకి పోనివ్వకండి, ఫెర్న్ పొదల్లో పిడుదులు ఉంటాయి. ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతకండి. వాటి కాటు వల్ల లైమ్ అనే జబ్బు వచ్చే అవకాశం ఉంది. కరిచిన పిడుదును సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి.

కారు లేకపోతే వాటర్లూ నుంచి హేసిల్‌మియర్‌కు రైలు, సుమారు గంట ప్రయాణం. అక్కడి నుంచి హైండ్‌హెడ్‌కు బస్సు. ఆదివారమైతే బస్సు వేళలు ముందే చూసుకోండి. కారు నిలిపే చోట కెఫే, మరుగుదొడ్లు ఉన్నాయి, దారిలో మాత్రం ఏమీ ఉండవు.

బాక్స్ హిల్‌కు వెళ్ళమని చాలామంది చెబుతారు. నది దాటడానికి పేర్చిన 17 రాళ్ళు పిల్లలకు బ్రహ్మాండంగా నచ్చుతాయి, కానీ కొండ మీద నుంచి వాటి దగ్గరికి నిటారు మెట్లు దిగాలి, మళ్ళీ అవే ఎక్కాలి. అత్తగారు వెళ్ళిపోయాక చూడండి. లీత్ హిల్ కూడా అంతే. 294 మీటర్ల కొండ మీద 1765లో కట్టిన బురుజు చూడముచ్చటగా ఉంటుంది, దాన్ని కట్టించిన పెద్దమనిషిని దాని కిందే పూడ్చిపెట్టారు. అది మా పిల్లలకు ఇష్టమైన సంగతి, మా అమ్మకు కాదు.

అత్తగారు వచ్చిన మొదటి వారమే ఆమెకు బూట్లు కొనండి. చీర మీదకు బూట్లు బాగుండవని మా అమ్మలాగే ఆమె కూడా అనవచ్చు. దారిలో అందరూ అలాగే ఉంటారని, ఎవరూ చూడరని చెప్పండి. అమ్మ నమ్మింది ఆ మాటకే.