ఆసుపత్రి ప్రాజెక్టుల మేనేజర్‌కు ఆపద కాలంలోనే పనా?

ప్రశ్న: మాది జడ్చర్ల. మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరంలో ఉంది. మందుల కంపెనీలున్న పోలేపల్లి సెజ్‌లో ఉద్యోగం చూసుకోమంటే, ఆసుపత్రుల్లో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ చేస్తానంటోంది. కరోనా వంటిది మళ్లీ వస్తే తప్ప ఆ పనికి గిరాకీ ఉంటుందా? ఏ కోర్సు చేయించాలి? – ఒక తండ్రి

జవాబు: కొత్త వార్డు కట్టడం, కంప్యూటర్ రికార్డులకు మారడం, ఆసుపత్రి నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు తెచ్చుకోవడం వంటి పనులు ఆసుపత్రుల్లో మామూలు రోజుల్లోనూ సాగుతుంటాయి కాబట్టి గిరాకీ గురించి మీరు బెంగపడనక్కరలేదు. ఆపద వచ్చినప్పుడు వాటిలో దేన్ని ఆపాలో, దేన్ని ముందుకు తేవాలో తేల్చే బాధ్యత ఈ మేనేజర్ మీద పడుతుంది.

2021లో రెండో వేవ్ సమయంలో ఆక్సిజన్ కొరత ఏర్పడి, దేశమంతటా ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే పీఎస్‌ఏ ప్లాంట్లు పెట్టించారు. యంత్రం లారీ దిగినంత మాత్రాన రోగికి ఆక్సిజన్ అందదు. కాంక్రీటు దిమ్మె, సరిపడా కరెంటు లోడు, జనరేటర్, పడకల దాకా రాగి పైపులైను, శిక్షణ పొందిన టెక్నీషియన్ అన్నీ సమకూరాలి. వీటిని ఒకదానితో ఒకటి కుదర్చడమే ఈ మేనేజర్ పని: దిమ్మె గట్టిపడేలోగానే కరెంటు దరఖాస్తు కదలాలి, పైపులు వేయవలసిన వార్డును ఖాళీ చేయడానికి డాక్టర్లను ఒప్పించాలి, ఈ హడావుడిలో డయాలసిస్, కాన్పులు మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

మందుల నిల్వలు, గడువు తేదీలు, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం వంటివి ఫార్మసీ చదివిన పిల్లకు ముందే తెలిసి ఉంటాయి. అయినా డిగ్రీ కాగానే పీజీలో చేర్చవద్దనే నా సలహా. ఏడాదిపాటు ఏదైనా పెద్ద ఆసుపత్రి ఫార్మసీలోనో స్టోర్‌లోనో పనిచేస్తే, ఇండెంటు పెట్టిన మందు వార్డుకు చేరేలోపు ఎవరి సంతకం దగ్గర ఆగుతుందో ఆమెకే తెలిసివస్తుంది.

తరువాత ఆసుపత్రి నిర్వహణ వైపు వెళ్లాలంటే హైదరాబాద్ నిమ్స్, ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ఉన్నాయి. జనారోగ్య కార్యక్రమాల వైపైతే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయవచ్చు. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ప్రాజెక్టు మేనేజర్లకు ఇచ్చే పీఎంపీ సర్టిఫికెట్‌కు నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారికైనా 36 నెలల ప్రాజెక్టు అనుభవం కావాలి. చదువు కాగానే ఇప్పిస్తామనే శిక్షణ కేంద్రాలకు డబ్బు కట్టకండి.

ఇక, ఆపద కాలంలో ఈ ఉద్యోగికి సెలవులు దొరకవు, అర్ధరాత్రి ఫోన్లు తప్పవు. ఆ సంగతి మీరూ అమ్మాయీ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి.