సంఘమా, సమాజమా, సొసైటీయా?

సందేహం: మా అపార్ట్‌మెంటు సొసైటీ నియమావళిని తెలుగులో రాస్తున్నాము. సొసైటీని ‘సమాజం’ అనాలని కొందరు, ‘సంఘం’ అనాలని కొందరు పట్టుబడుతున్నారు. నిఘంటువులో రెండూ కనిపిస్తున్నాయి. సమాజమే సరైనదైతే ‘సాంఘిక దురాచారాలు’ వంటి పాత మాటలను కూడా ‘సామాజిక దురాచారాలు’ అని దిద్దుకోవాలా?

సమాధానం: మీ నియమావళికి తగిన మాట ‘సంఘం’. చందా బకాయి పడినవారికి సమాజం నోటీసు ఇస్తుందని రాస్తే, ఊరు ఊరంతా వారి మీదికి కదిలిందని చదివేవారు బెదిరిపోతారు. ఇంగ్లీషువారు సొసైటీ అన్న ఒక్క మాటతోనే రెండు పనులు నడుపుకుంటారు: పుట్టుకతోనే మనం భాగమయ్యే జనసముదాయం ఒకటి, దరఖాస్తు పెట్టుకుని రుసుము కట్టి చేరే సంస్థ మరొకటి. నేటి తెలుగులో మొదటిదానికి సమాజం, రెండవదానికి సంఘం స్థిరపడ్డాయి. గ్రామీణ సమాజం, పౌర సమాజం అంటున్నాము. సహకార సంఘం, కార్మిక సంఘం, రచయితల సంఘం అంటున్నాము.

అయితే ఈ పంపకం వాడుక చేసినదే తప్ప వ్యుత్పత్తి చేసినది కాదు. సమాజ శబ్దంలో ఉన్నది ‘అజ’ ధాతువు. తోలడం, కదలడం దాని అర్థాలు. పశువుల మంద అనే అర్థంలో హ్రస్వంతో ‘సమజం’ అనే రూపం సాధించడానికి పాణిని ‘సముదోరజః పశుషు’ అని ప్రత్యేకంగా సూత్రం చేశాడు. అమరకోశం కూడా పశువుల గుంపు సమజమనీ, ఇతరుల గుంపు సమాజమనీ చెప్పింది. ఒక్క దీర్ఘం జారితే మనుషులు మందలో కలిసిపోతారు కనుక అచ్చుతప్పులు దిద్దేవారు జాగ్రత్తగా ఉండాలి! సంఘానికి అమరం ఇచ్చిన అర్థం ప్రాణుల గుంపు. అశోకుని మొదటి శిలాశాసనం, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కినది, సమాజం చేయరాదని ఆజ్ఞాపిస్తుంది. అక్కడ సమాజమంటే జనం వేడుకకు గుమికూడడం. సంస్కృత నాట్యశాస్త్ర పరిభాషలో సామాజికుడు ప్రేక్షకుడే. నాటక సమాజం, భజన సమాజం అనే మాటలలో ఆ పాత వాసన ఇంకా మిగిలి ఉంది.

పందొమ్మిదవ శతాబ్దికి వస్తే బ్రహ్మసమాజం, 1867 నాటి ప్రార్థన సమాజం, 1875 నాటి ఆర్యసమాజం, అన్నీ సభ్యులుగా చేరే సంస్థలే. కందుకూరి వీరేశలింగం 1878లో రాజమండ్రిలో నెలకొల్పినది ‘సంఘ సంస్కరణ సమాజం’. ఈ పేరును నిదానంగా చదవండి: సంస్కరించవలసిన జనసముదాయం అందులో సంఘం, సంస్కరణకు పూనుకున్న కూటమి సమాజం. అదే సంస్థను ఇవాళ పెడితే ‘సమాజ సంస్కరణ సంఘం’ అని పేరు పెడతాము. రెండు మాటలూ ఒకదాని చోటికి ఒకటి మారాయి.

నామవాచకాలు ఇలా చోటు మారినా విశేషణం మాత్రం వాటి వెంట నడవలేదు. పౌరాణికమూ చారిత్రకమూ కాని నాటకం సాంఘిక నాటకమే. ప్రభుత్వానికి సాంఘిక సంక్షేమ శాఖ ఉంది. బడిలో పిల్లలు సాంఘిక శాస్త్రమే చదువుతున్నారు. మనిషి సంఘజీవి అన్నప్పుడూ, సంఘంలో పరువు పోయిందన్నప్పుడూ వినిపించేది వీరేశలింగంగారి కాలపు సంఘమే. మరో విశేషం: నమోదు చేసుకున్న సంస్థకు చెందినదనే అర్థంలో ‘సాంఘిక’ శబ్దాన్ని ఎవరూ వాడరు. కార్మిక సంఘం డబ్బును సంఘం నిధులు అంటారే కాని సాంఘిక నిధులు అనరు. కనుక ‘సాంఘిక దురాచారాలు’ అన్నది దిద్దవలసిన తప్పు కాదు. సామాజిక న్యాయం, సామాజిక మాధ్యమాలు వంటివి ఆ రూపంలోనే పాతుకుపోయాయి, వాటినీ కదిలించనక్కరలేదు. నాకు మింగుడుపడనిది ఒక్క ‘సామాజిక వర్గం’. కులం అనడానికి మొహమాటపడి పత్రికలు తెచ్చుకున్న ముసుగు అది. కులం గురించి రాస్తున్నప్పుడు కులమనే రాయడం మేలు.

ఇక సొసైటీ. సొసైటీకి యూరియా వచ్చిందని రైతు అంటే అది ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. ఆ సంస్థనూ దాని కార్యాలయాన్నీ గోదామునూ ఆ ఒక్క మాటే చెబుతుంది. ఆ ఊళ్లోనే ఆడవాళ్లు సంఘంలో అప్పు తీసుకున్నామంటే అది పొదుపు సంఘం. సొసైటీ అప్పు, సంఘం అప్పు వేరువేరు అప్పులు, వేరువేరు వాయిదాలు; పరభాషాపదమని సొసైటీని తోసేస్తే ఈ తేడా చెప్పడానికి చాంతాడంత పేరు వాడవలసి వస్తుంది. 1940లలో తెలంగాణ పల్లెల్లో ‘సంగం’ అంటే ఆంధ్ర మహాసభ అని అర్థమయ్యేది. ఏ సంఘమో ఊరికి తెలిసినప్పుడు పూర్తి పేరుతో పని లేదు.

నియమావళి విషయంలో మాత్రం పూర్తి పేరు అవసరమే. మీ నమోదు పత్రంలో ‘సొసైటీ’ అని ఉంటే ఆ పేరును అనువదించకండి. నిర్వచనాల నిబంధనలో దానిని ఉన్నదున్నట్టుగా ఒకసారి రాసి, ఇకపై దానిని సంఘం అని పేర్కొంటామని చేర్చి, చివరిదాకా ఆ మాటనే వాడండి.