కౌంటీ ఉమ్మడి మానసిక ఆరోగ్య రికార్డులకు డబ్బు పెడుతుంటే హియరింగ్‌లో ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. కాలిఫోర్నియాలో మీ కౌంటీ, పొరుగు కౌంటీలతో కలిసి ఒకే మానసిక ఆరోగ్య రికార్డుల వ్యవస్థ పెట్టుకోవడానికి వచ్చే మూడేళ్ల ప్రణాళికలో నిధులు చూపించింది. 22 ఏళ్ల మీ అబ్బాయి కౌంటీ క్లినిక్‌లోనే వైద్యం తీసుకుంటున్నాడు. ఈ ఖర్చును సమర్థించాలా, హియరింగ్‌కు, అంటే ప్రజల అభిప్రాయాలు వినే సమావేశానికి, వెళ్తే ఏం అడగాలి, వాడి సంగతులన్నీ అందరికీ తెలిసిపోతాయా అని అడిగారు.

సమర్థించండి. అయితే ఆ డబ్బులో పాత రికార్డులను కొత్త వ్యవస్థలోకి ఎక్కించడానికి ఎంత పెట్టారో, ఏటేటా నడపడానికి ఎంత ఉంచారో చూశాకే సమర్థించండి. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

మా తమ్ముడికి బైపోలార్, అంటే మూడ్ విపరీతంగా పైకీ కిందకీ మారిపోయే జబ్బు. ఒక రాత్రి పరిస్థితి చేయి దాటిపోయి 5150 హోల్డ్ మీద, అంటే 72 గంటల పాటు బలవంతంగానైనా ఆసుపత్రిలో ఉంచే పద్ధతిలో, ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అతని ఫైలంతా కౌంటీ క్లినిక్‌లో ఉంది. ఆసుపత్రికీ క్లినిక్‌కీ మధ్య దూరం నాలుగు మైళ్లు. అయినా ఆ డాక్టరుకి ఆ ఫైలులో ఒక్క అక్షరం కనిపించలేదు. హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. రెండేళ్ల ముందు అదే మందుకి మెడ ఒక పక్కకి మెలిపడిపోయి, దవడ బిగుసుకుపోయింది. క్లినిక్‌లో ఆ విషయం రాసి ఉంది. ఈసారీ అదే జరిగింది. విరుగుడు మందు ఇచ్చాక సర్దుకుంది కానీ, ఆ గంటలో వాడు ఎంత భయపడ్డాడో నేను మరిచిపోలేను. ఆ తర్వాత చాలా నెలలు ఏ మందు వేసుకోమన్నా వద్దనేవాడు.

నేను బయట కౌంటర్ దగ్గరే ఉన్నాను. మందుల పేర్లు రాసిన నోట్‌బుక్ నా చేతిలోనే ఉంది. "ప్రైవసీ అండి, మేం మీతో మాట్లాడకూడదు" అన్నారు. నిజమే అనుకుని కూర్చున్నాను. వాళ్లు నాకు చెప్పడానికి చట్టం హద్దులు పెట్టింది గానీ, నేను చెప్పేది వినడానికి ఏ అడ్డూ పెట్టలేదని తర్వాత తెలిసింది. మీకు ఇలాంటి రాత్రి రాకూడదని కోరుకుంటాను. వస్తే మాత్రం "మీరేమీ చెప్పక్కర్లేదు, నేను చెప్పేది రాసుకోండి చాలు" అని గట్టిగా అడగండి.

ఆ సంఘటన తర్వాతే మా కౌంటీ మానసిక ఆరోగ్య బోర్డులో చేరాను. ఇది చాలామందికి తెలియదు: ఈ రాష్ట్రంలో ప్రతి కౌంటీకీ అలాంటి బోర్డు ఉండాలి, అందులో సగం మంది వైద్యం పొందుతున్నవాళ్లో వాళ్ల కుటుంబసభ్యులో అయి ఉండాలి. చట్టమే చెబుతోంది. మీలాంటి తల్లుల కోసం ఉంచిన కుర్చీలే అవి. చాలా చోట్ల ఖాళీగా ఉంటాయి.

బోర్డులో చేరాక మొదట నేను అడిగింది, మామూలు ఆసుపత్రులన్నీ కంప్యూటర్ రికార్డుల్లోకి మారిపోయాక కూడా మనవాళ్ల క్లినిక్‌లు ఎందుకు వెనకబడ్డాయని. దానికి జవాబు చాలావరకు 2009లో ఉంది. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం హైటెక్ చట్టం తెచ్చి, ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకున్న ఆసుపత్రులకీ డాక్టర్లకీ వేల కోట్ల డాలర్లు ప్రోత్సాహకంగా ఇచ్చింది. సైకియాట్రిక్ ఆసుపత్రులు, కమ్యూనిటీ మానసిక ఆరోగ్య కేంద్రాలు, సైకాలజిస్టులు ఆ జాబితాలో లేరు. గుండెకి, కిడ్నీకి ఇచ్చిన డబ్బు మనసుకి ఇవ్వలేదు. ఆ భారం కౌంటీల మీద పడింది.

ఇలాంటి పనులకి కౌంటీలు వాడుకున్నది ప్రధానంగా ప్రాపొజిషన్ 63 డబ్బు. 2004 నవంబరులో ఓటర్లు ఆమోదించిన చట్టం అది. ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద, ఆ దాటిన భాగానికి 1 శాతం పన్ను. అందులో భవనాలకీ సాంకేతిక అవసరాలకీ విడిగా ఒక వాటా ఉండేది. మా కౌంటీ పాత సాఫ్ట్‌వేర్‌ని తీసేసి కొత్తది కొన్నది ఆ వాటాలోంచే. ధనవంతుల ఆదాయం మీద పన్ను కాబట్టి స్టాక్ మార్కెట్ బాగున్న ఏడాది నిధులు పొంగుతాయి, పడిపోయిన ఏడాది ఎండిపోతాయి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు బిల్లు మాత్రం ఏటా తప్పకుండా వస్తుంది, పైగా పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క ఇంకా బిగుసుకుంది. 2024 మార్చిలో స్వల్ప తేడాతో గెలిచిన ప్రాపొజిషన్ 1 ఆ పన్నుని అలాగే ఉంచి, పంపకాన్ని మార్చింది. 2026 జూలై 1 నుంచి వర్తించే లెక్క ప్రకారం కౌంటీ వాటాలో 30 శాతం ఇళ్ల వసతికి, 35 శాతం తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్లకి అన్ని సేవలూ కలిపి ఇచ్చే ఫుల్ సర్వీస్ పార్ట్‌నర్‌షిప్‌లకి పోవాలి. మిగిలిన 35 శాతంలో కనీసం సగానికి పైగా తొలి దశలోనే చికిత్స అందించడానికి ఖర్చు పెట్టాలి. అది పోగా మిగిలిన దాంట్లోనే కంప్యూటర్లు, భవనాలు, సిబ్బంది శిక్షణ అన్నీ పోటీ పడతాయి. అందుకే "మొదటి ఏడాది సరే, ఐదో ఏడాది ఈ బిల్లు ఏ పద్దులోంచి కడతారు?" అనేది మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. జవాబు లేకపోతే ఐదో ఏడాదికి ఏ కేస్ మేనేజరు ఉద్యోగమో పోతుంది.

పొరుగు కౌంటీలతో కలవడం మంచి ఆలోచన అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. 58 కౌంటీలూ అవే మెడికాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా) బిల్లింగ్ నియమాలని ఎవరికి వాళ్లు విడివిడిగా సాఫ్ట్‌వేర్‌లో రాయించుకోవడం శుద్ధ దండగ. కౌంటీలే కలిసి నడుపుకుంటున్న కాల్-ఎంహెచ్‌ఎస్‌ఏ అనే ఉమ్మడి సంస్థ ద్వారా 2023 జూలైలో ఇరవైకి పైగా కౌంటీలు ఒకే రికార్డుల వ్యవస్థలోకి మారాయి. సరిగ్గా అదే నెలలో రాష్ట్రం కౌంటీలకి డబ్బు చెల్లించే పద్ధతినే మార్చింది. చిన్న కౌంటీ ఒంటరిగా ఆ మార్పుని తట్టుకోవడం చాలా కష్టం. ఖర్చు పంచుకుంటే బేరం చేసే బలం కూడా వస్తుంది.

ఇక మా దగ్గర ఎక్కడ దెబ్బతిన్నామో చెబుతాను, ఎందుకంటే మీ ప్రణాళికలో మీరు వెతకాల్సింది అదే.

కొత్త వ్యవస్థ మొదలైన మూడో వారంలో తమ్ముడితో పాటు క్లినిక్‌కి వెళ్లాను. నర్సుని "అలర్జీలు, మందుల రియాక్షన్లు ఉండే చోట ఏముందో ఒకసారి చదవండి" అని అడిగాను. "ఏమీ లేవు" అంది. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టైంది. పాత వ్యవస్థలోంచి పేరు, పుట్టిన తేదీ, ఇన్సూరెన్సు, ప్రస్తుత మందులు మాత్రమే కొత్తదాంట్లోకి వచ్చాయి. మిగతాదంతా స్కాన్ చేసిన పేజీలుగా ఒక మూల పడి ఉంది. హాలోపెరిడాల్ సంగతి ఆ మూడొందల పేజీల్లో ఎక్కడో ఉంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ డాక్టరు మూడొందల పేజీలు తిప్పుతాడా? కోట్లు ఖర్చయ్యాయి, తమ్ముడికి మాత్రం ఆ రాత్రి ఉన్న ప్రమాదం అలాగే ఉంది.

తర్వాత బోర్డులో అడిగితే తెలిసింది, పాత సమాచారాన్ని మనుషులు చదివి సరైన గడిలో నింపడానికి పెట్టిన మొత్తాన్ని బడ్జెట్ చివరి నెలల్లో కోసేశారట. ఎవరి మీదా కోపంతో చెప్పడం లేదు. లైసెన్సు ధర కాంట్రాక్టులో ఉంటుంది కాబట్టి ఎవరూ ముట్టుకోరు. శిక్షణ, పాత రికార్డుల పని, మొదటి నెలల్లో డాక్టర్లకి అపాయింట్‌మెంట్లు తగ్గించడం, ఇవన్నీ మనుషుల సమయం కాబట్టి ముందుగా వీటి మీదే కత్తి పడుతుంది. మా దగ్గర ఒక మంచి థెరపిస్ట్ ఆ నెలల్లోనే మానేసింది. "మనిషి ఏడుస్తుంటే నేను డ్రాప్‌డౌన్ వెతుక్కుంటున్నాను" అంది.

ఇంకొకటి, ప్రణాళికల్లో ఒక్క వాక్యంతో దాటేసేది: కౌంటీ సేవల్లో పెద్ద భాగం నిజానికి కాంట్రాక్టు తీసుకున్న స్వచ్ఛంద సంస్థలు అందిస్తాయి. వాళ్లకి వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రెండింటినీ కలిపే పనికి డబ్బు ఇవ్వకపోతే వాళ్ల సిబ్బంది ఒకే నోట్‌ని రెండు చోట్ల టైపు చేయాలి. సాయంత్రం అయ్యేసరికి అలసిపోయి ఒకచోట మానేస్తారు. అప్పుడు అది పేరుకే ఉమ్మడి.

మీ అసలు భయం గురించి. మన ఇళ్లల్లో ఈ జబ్బు పేరు పైకి చెప్పం. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే ఎలా అని మా అమ్మ కూడా చాలా రోజులు టెన్షన్ పడింది. మామూలుగా రికార్డు చూడగలిగేది వైద్యంలో, బిల్లింగ్‌లో, నిర్వహణలో పాలుపంచుకునేవాళ్లే. బంధువులకి గానీ, పని చేసే కంపెనీకి గానీ అబ్బాయి సంతకం లేకుండా ఇవ్వడానికి వీల్లేదు. మానసిక వైద్యం మీద 1967లో వచ్చిన రాష్ట్ర చట్టం ఎల్‌పీఎస్, ఆరోగ్య సమాచార గోప్యత మీద 1996లో వచ్చిన కేంద్ర చట్టం హిపా రెండూ ఇక్కడ వర్తిస్తాయి. మద్యం, మత్తుమందుల చికిత్స రికార్డులకి పార్ట్ 2 అనే ఇంకా గట్టి కేంద్ర నియమం ఉంది, వాటిని పంచుకోవాలంటే మామూలుగా రోగి రాతపూర్వక అంగీకారం కావాలి. ఆ అంగీకార పత్రం ఒకసారి సంతకం చేస్తే ముందుముందు చికిత్స, బిల్లింగ్, నిర్వహణ అవసరాలన్నిటికీ వర్తించేలా తీసుకోవడానికి 2024లో వీలు కల్పించారు. కాబట్టి అబ్బాయి దాన్ని తొందరలో సంతకం పెట్టకుండా చదవాలి.

ఒక చిక్కు దాచను. థెరపిస్ట్ విడిగా దాచుకునే సొంత నోట్స్‌కి ప్రత్యేక రక్షణ ఉంది. కౌంటీ క్లినిక్‌లలో రోజూ రాసే ప్రోగ్రెస్ నోట్స్ మాత్రం మామూలు రికార్డులో భాగమే. మూడు కౌంటీలు కలిస్తే, లాగిన్ ఉన్నవాళ్లు బాగా పెరుగుతారు. అందుకని హియరింగ్‌లో ఇలా అడగండి: ఇళ్ల వసతి చూసే హౌసింగ్ ఉద్యోగికి నోట్స్ కనిపిస్తాయా, లేక అపాయింట్‌మెంట్ తేదీలే కనిపిస్తాయా? అవసరం లేకుండా తొంగిచూసినవాళ్లని ఎవరు, ఎన్ని నెలలకోసారి పట్టుకుంటారు? తన రికార్డు ఎవరు తెరిచారో అబ్బాయి అడిగితే చెబుతారా? మా తమ్ముడు తన మద్యం చికిత్స సంగతి హౌసింగ్ వాళ్లకి తెలియకూడదన్నాడు. మందుల రియాక్షన్ మాత్రం లోకమంతా చూసినా పర్లేదన్నాడు. ఆ తేడాని పాటించేలా వ్యవస్థని అమర్చవచ్చు, ఆ అమరికకి కూడా డబ్బు పెట్టాలి.

ప్రణాళిక ముసాయిదా 30 రోజులు ప్రజల ముందు ఉంటుంది. తర్వాత బోర్డు హియరింగ్ జరుపుతుంది, చివరికి సూపర్వైజర్లు, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యులు, ఓటు వేస్తారు. రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపొచ్చు. సమావేశానికి రావాలంటే పేరు రాయాల్సిందేనని ఎవరూ పట్టుబట్టకూడదు, బహిరంగ సమావేశాల మీద ఉన్న రాష్ట్ర చట్టం, బ్రౌన్ చట్టం, ఆ హక్కు ఇచ్చింది. మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి ముసాయిదాలో సాంకేతిక ఖర్చుల పేజీ ముందే చదివి, పాత రికార్డుల పనికి అంకె ఉందో లేదో గుర్తు పెట్టుకుని వెళ్లండి. తెలుగులో మాట్లాడాలనుంటే దుబాసీ కావాలని కొన్ని రోజుల ముందే కబురు పెట్టండి. నేనూ మొదటిసారి చేతులు వణుకుతూనే చదివాను.

హియరింగ్ వరకూ ఆగక్కర్లేని పని ఒకటుంది. వచ్చే అపాయింట్‌మెంట్‌లో, అబ్బాయి సరేనంటే, వాడి పక్కన కూర్చుని అలర్జీల గడిలో ఏముందో నర్సుని పైకి చదవమనండి. తప్పుంటే మీ ముందే దిద్దించి, ఒక ప్రింటు తీసుకుని పర్సులో పెట్టుకోండి. మా తమ్ముడి ప్రింటు నా పర్సులో ఇప్పటికీ ఉంది.