టారోలో డెత్ కార్డు వస్తే చావు దగ్గర పడినట్టా?

కాదు. టారో అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పే పద్ధతి. మొన్న తిరుపతిలో మా పిన్ని కూతురు ఎవరి దగ్గరో ఆ కార్డులు తీయించుకుంది. ఈ కార్డు రాగానే రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే నన్ను ఇదే ప్రశ్న అడిగింది. తనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నా.

ఇది 13వ కార్డు. జీవితంలో ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవుతోందని దీని భావం. 1909లో అచ్చయిన పేకలో పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మను నిదానంగా చూడండి. కవచం తొడిగిన అస్థిపంజరం తెల్ల గుర్రం మీద వస్తోంది, చేతిలో నల్ల జెండా, దాని మీద తెల్ల గులాబీ. రాజు నేల మీద పడి ఉన్నాడు, కిరీటం జారిపోయింది. మతగురువు చేతులు జోడించాడు. యువతి మొహం తిప్పేసుకుంది. పసిబిడ్డ మాత్రం గుర్రం వైపే చూస్తోంది. నా మటుకు ఈ కార్డుకి ప్రాణం ఆ బిడ్డే. వెనకాల రెండు బురుజుల మధ్య సూర్యుడున్నాడు.

మన కొండ మీద కల్యాణకట్ట గుర్తు తెచ్చుకోండి. తడి జుట్టు కుచ్చులుగా ఒళ్లో పడుతుంది, లేచి బయటికొస్తే గుండుకి చల్లగాలి తగులుతుంది. పోయింది జుట్టే, మనిషి కాదు.

కార్డు తలకిందులుగా వస్తే, పోవాల్సినదాన్ని మనం వదలడం లేదని అర్థం చెబుతారు. మా చెల్లి ఏడాదిగా ఉద్యోగం మానాలా వద్దా అని ఊగిసలాడుతోంది. తను ఆలోచించాల్సింది దాని గురించే.

ఈ కార్డు చూపించి శాంతి చేయించాలని ఎవరైనా డబ్బులడిగితే మాత్రం ఇవ్వకండి.