ఏడాది డిప్లొమానా, ఎమ్మెస్సీనా: కావలి తండ్రికి సమాధానం

ప్రశ్న: మాకు కావలి దగ్గర రొయ్యల గుంటలున్నాయి. రెండుసార్లు నీట్ రాసినా సీటు రాని మా అమ్మాయి ఇప్పుడు బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఒక రాత్రి కరెంటు పోయి, నీటిలో ఆక్సిజన్ కలిపే ఏరేటర్లు ఆగాయి. అవి మళ్లీ తిరిగాక కూడా రొయ్యలు ఎందుకు చచ్చాయని అప్పటి నుంచీ అడుగుతోంది. కణాలపై ఆక్సీకరణ ఒత్తిడి గురించి చదువుతానని ఎమ్మెస్సీకి పట్టుబట్టింది. ఒక ప్రకటన చూసి, యాంటీ ఆక్సిడెంట్ సప్లిమెంట్ల మీద ఏడాది డిప్లొమా చేయిద్దామని మా ఆలోచన. ఏది మేలు?

అయ్యా, మీరు రెండు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా కనిపిస్తున్నది నీట్‌లో పోయిన రెండేళ్ల దిగులే. ఈ దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. మీ అమ్మాయి వేరే గతి లేక ఈ చదువు అడగడం లేదని ముందుగా గ్రహించండి. ఆక్సిజన్ అందక నీరసించిన కణానికి అది ఒక్కసారిగా తిరిగి అందినప్పుడు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు దారి తప్పి, కణాన్ని దెబ్బతీసే సూపరాక్సైడ్ అనే ఆక్సిజన్ రూపం ఎక్కువగా పుడుతుంది. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఇదే. గుంటలో చావులకు అమ్మోనియా వంటి కారణాలూ ఉండవచ్చు గానీ, ఆమె ప్రశ్న మాత్రం ఈ శాస్త్రానికి ఆయువుపట్టు లాంటిది.

ఇక డిప్లొమా సంగతి. మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు 1969లో వెల్లడించిన సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అనే ఎంజైము ఆ సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కాటలేజ్, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ దానిని నీరుగా మారుస్తాయి. చీరుకుపోయిన మోకాలి మీద పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురుగు పొంగేది ఈ కాటలేజ్ వల్లనే. ఒత్తిడి పెరిగితే, కీప్-1 అనే ప్రోటీను అదుపులో ఉండే ఎన్ఆర్ఎఫ్-2 అనే మరో ప్రోటీను కేంద్రకంలోకి చేరి, రక్షణ ఎంజైములను తయారు చేయించే జన్యువులను మేల్కొలుపుతుంది. అయితే కణం పెరాక్సైడ్‌ను పూర్తిగా తుడిచిపెట్టదు, ఎందుకంటే కొద్దిపాటి పెరాక్సైడ్ దానికి సంకేతంగా అవసరం. అలాంటప్పుడు యాంటీ ఆక్సిడెంట్ ఎంత మింగితే అంత ఆరోగ్యమన్న ప్రచారాన్ని నమ్ముకున్న కోర్సు మీద నాకు గట్టి అనుమానం ఉంది. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగినట్లు 1994లో తేలింది. గుంటలో ఏ మందు చల్లాలన్నా నలుగురిని విచారించే మీరు, బిడ్డ చదువు విషయంలో ఒక ప్రకటన చూసి తేల్చేస్తారా? ఆమె అడిగిన ప్రశ్నను ఇంట్లో ఒక్కరైనా చివరిదాకా విన్నారా?

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు ఆమెకు తెలిసే ఉంటాయి. ఆ పైన పరిశోధన దారి పొడవైనదే, పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టవచ్చు. కానీ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది కనుక ఆ అయిదేళ్లూ ఆమె మీకు భారం కాదు. పరిశోధన వద్దనుకున్నా ఎమ్మెస్సీ వృథా పోదు. మన తీరంలోని హ్యాచరీలకు, మేత కంపెనీలకు, రోగ నిర్ధారణ ల్యాబులకు బయోకెమిస్ట్రీ తెలిసినవారు కావాలి.

డిప్లొమాకు అడ్వాన్సు కట్టకండి. ఈ ఆదివారం ఆమెను గుంట గట్టు మీదకు తీసుకువెళ్లి, ఆ రాత్రి రొయ్యలకు ఏమై ఉంటుందని అనుకుంటోందో అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి. ఎమ్మెస్సీ దరఖాస్తు సంగతి ఆ తరువాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.